కాలని చెక్క: సెం-క్లోద్ పైపుల కథ



కిందటి నెల మేము పెట్టిన పాత ఫొటో చూసి బరంపురం నుంచి ఒక అక్కయ్య ఫోన్ చేశారు. "అంతా బాగుంది గానీ తమ్ముడూ, ఆ వాలుకుర్చీలో పెద్దాయన నోట్లో ఉన్నదేమిటి? చిలుమా?" అని అడిగారు. చిలుము కాదండీ, పైపు. చెక్క పైపు. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది, పైపు మాత్రం ఇంకా ఉంది. ఆయన మనవడు మన సంఘం సభ్యుడే. ట్రంకుపెట్టె అడుగునుంచి తీసుకొచ్చి మా చేతిలో పెట్టాడు. గిన్నె అంచు నల్లబడింది. నోట్లో పెట్టుకునే కొస మీద పంటిగాట్లున్నాయి. చెక్క మాత్రం ఎక్కడా బీటలు వారలేదు. కాడ మీద రెండు ఫ్రెంచి మాటలు గుద్ది ఉన్నాయి: 'బ్రుయేర్', 'సెం-క్లోద్'. మొదటిది చెక్క పేరు, రెండోది ఊరి పేరు.

మాలో సగంమంది వడ్రంగుల ఇళ్ళలో పుట్టినవాళ్ళం. కాబట్టి పైపు చేతికి రాగానే పొగ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఇన్నేళ్ళు నిప్పు పెట్టినా చెక్క ఎందుకు కాలలేదు? ఒక్క ముక్కలో గిన్నె, దానికి అడ్డంగా కాడ, కాడలో చీపురుపుల్లంత బెజ్జం, ఆ బెజ్జం సరిగ్గా గిన్నె అడుగున తేలడం, ఇదంతా ఎలా చేశారు? అక్కడినుంచి మొదలైంది మా వెతుకులాట. ఇది కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. పొగ తాగమని చెప్పడానికి రాస్తున్నది కాదు. పొగాకు మన ఇళ్ళలో ఎంతమందిని తీసుకుపోయిందో మాకూ తెలుసు. ఇది చెక్క గురించి, చేతిపని గురించి.

ముందు మన సంగతి. ఫ్రెంచివాళ్ళు యానాంలో 1723లో కాలుపెట్టారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్న ఏళ్ళు పోను, 1954 దాకా ఉన్నారు. అంత కాలమున్నా పైపు మనవాళ్ళకి అబ్బలేదు. దొరల కచేరీల్లో పనిచేసినవాళ్ళూ, పట్టాళంలో చేరి సముద్రాలు దాటి వచ్చినవాళ్ళూ తెచ్చుకున్నవి తప్ప మన వీధుల్లో పైపు కనబడేది కాదు. కారణం సులువే. గోదావరి లంకల్లో పొగాకు పండుతుంది, చుట్ట చుట్టుకుంటే ఆకే గొట్టం, ఆకే పొగ. వేరే పనిముట్టు దేనికి? 1670ల ప్రాంతంలో ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు కూడా ఇక్కడి పేదవాళ్ళు ఆకును చుట్టి ఒక కొస వెలిగించి రెండో కొస పెదాల మధ్య పెట్టుకుంటారని రాసుకున్నాడు. ఇంగ్లీషువాళ్ళ 'చెరూట్' అనే మాట తమిళం 'చురుట్టు' నుంచి వచ్చిందే. తిరుచ్చి, దిండిగల్ వైపు ఉన్న మన సభ్యులకి ఆ సంగతి మేము చెప్పనక్కర్లేదు.

యూరపులో అలా కాదు. వాళ్ళకి పొగాకు అమెరికా నుంచి వచ్చింది, దాంతోపాటే గొట్టంలో పెట్టి పీల్చే అలవాటూ వచ్చింది. మొదట మట్టి పైపులు. చవక, కానీ చెయ్యి జారితే రెండు ముక్కలు, పైగా వేడెక్కితే పట్టుకోలేరు. తర్వాత తుర్కీ దేశంలో దొరికే మీర్షామ్ అనే తెల్లటి మెత్తని రాయి. అందంగా ఉంటుంది, కానీ డబ్బున్నవాళ్ళ సరుకు. చెక్కతో ప్రయత్నించనివాళ్ళు లేరు. జర్మనీలో ఉల్మ్ ఊరివాళ్ళు 18వ శతాబ్దంలోనే చెట్ల బుడిపెలతో పైపులు చేసి పేరు తెచ్చుకున్నారు. చెర్రీ, అక్రోటు, పియర్, ఏ చెక్క వాడినా ఏదో ఒక లోపం. కొన్ని మాడతాయి, కొన్ని పగులుతాయి, కొన్ని పొగకి తమ వగరు అంటిస్తాయి.

ఇక సెం-క్లోద్. ఇది ఫ్రాన్సుకి తూర్పున, స్విట్జర్లాండు సరిహద్దు దగ్గర, జ్యూరా కొండల్లో ఉంది. బియెన్, తకోన్ అనే రెండు చిన్న నదులు కలిసే చోట, నిట్రంగా ఉన్న కొండల మధ్య ఇరుకైన ఊరు. వ్యవసాయానికి చోటు లేదు, చలికాలం నెలల తరబడి మంచు. కానీ అక్కడ ఒక పాత మఠం, అందులో క్లోద్ అనే పుణ్యపురుషుడి దేహం. దాన్ని చూడ్డానికి ఫ్రాన్సు నలుమూలల నుంచీ యాత్రికులొచ్చేవారు. రాజు పదకొండో లూయీ వచ్చాడు. ఆన్ రాణి బిడ్డ కోసం మొక్కుకుని, 1499లో పుట్టిన ఆడపిల్లకి క్లోద్ అని పేరు పెట్టుకుంది. మన ఇళ్ళలో వెంకన్న పేరు పెట్టినట్టే! ఆ పిల్లే పెరిగి ఫ్రాన్సు రాణి అయింది. ఆకుపచ్చగా ఉండే ఒక రకం తియ్యటి రేగుపండులాంటి పండుకి ఆమె పేరు మీద 'రెన్-క్లోద్' అన్న పేరు ఈనాటికీ ఉంది.

యాత్రికులొస్తే ఏం కావాలి? తిరుపతిలో ఏం కావాలో అదే. జపమాలలు, శిలువలు, చిన్న చిన్న బొమ్మలు. ఆ కొండల్లో బాక్స్ అనే పొద పెరుగుతుంది. దాని చెక్క పసుపుగా, గట్టిగా, నున్నగా ఉంటుంది. చలికాలం ఇళ్ళలో చిక్కుకున్న రైతులు ఆ చెక్కని తరిమెన పట్టడం మొదలెట్టారు. తరిమెన అంటే చెక్కని గిర్రున తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే పనిముట్టు, ఇప్పుడు లేత్ అంటున్నాం. కర్ణాటకలో చన్నపట్నం వైపు ఉన్న మన సభ్యులకి ఇది కళ్ళముందు కనబడే పని. మన ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే అంకుడు కర్రా, చన్నపట్నంవాళ్ళు వాడే కర్రా ఒకే జాతి చెట్టుదని ఎంతమందికి తెలుసు? ఆ కర్ర తెల్లగా, మెత్తగా ఉండి లక్క రంగు బాగా పడుతుంది. సెం-క్లోద్ బాక్స్ చెక్క దానికి పూర్తిగా వ్యతిరేకం. కానీ ఉలి పట్టే చెయ్యి ఒకటే.

ఈ రైతుల బతుకు అంత గొప్పగా ఉండేదనుకోకండి. ఫ్రాన్సులో మిగతాచోట్ల వెట్టి చాలామటుకు పోయినా, ఇక్కడ మఠం కింద ఉన్నవాళ్ళు 18వ శతాబ్దం చివరిదాకా కట్టుబడి ఉన్నారు. ఒకే ఇంటికప్పు కింద ఉండే వారసుడు లేకుండా మనిషి చనిపోతే ఆస్తి మఠానికి పోయేది. వోల్టేర్ 1770లలో వీళ్ళ తరఫున కలం పట్టాడు. విప్లవం వచ్చాకగానీ అది పోలేదు. అదే విప్లవంలో 1794లో ఆ పుణ్యపురుషుడి దేహాన్ని తగలబెట్టారు. 1799లో అగ్నిప్రమాదం జరిగి ఊరు దాదాపు మొత్తం బూడిదైంది. వెట్టి పోయింది, యాత్రికులూ పోయారు, ఇళ్ళూ పోయాయి. మిగిలింది చేతిలో ఉలి, కింద పారే నది.

జపమాలలు కొనేవాళ్ళు తగ్గినప్పుడు ఆ పనివాళ్ళు నస్యం డబ్బాల వైపు తిరిగారు. తర్వాత ఇతర ఊళ్ళలో తయారయ్యే పైపులకి కొమ్ముతో, చెక్కతో కాడలూ నోటికొసలూ చేసి పంపేవారు. గిన్నెలు కూడా తామే చేద్దామని చేసి చూశారు, కాలిపోయేవి. అంటే పైపు చేసే నైపుణ్యం అంతా ఉంది, తగిన చెక్క లేదు.

ఆ చెక్క 1850లలో దొరికింది. దాని గురించి కథలు చాలా చెప్తారు. నెపోలియన్ భక్తుడొకడు కోర్సికా ద్వీపానికి యాత్రకెళ్ళి తన మీర్షామ్ పైపు పగలగొట్టుకుంటే, అక్కడి పల్లెటూరివాడు ఈ చెక్కతో ఒకటి చేసిచ్చాడనేది వాటిలో అందరికీ ఇష్టమైనది. మాకైతే అది కట్టుకథలాగే అనిపిస్తుంది. నికరంగా చెప్పగలిగింది ఇంతే: ఆ దశాబ్దంలో దక్షిణపు తీరం నుంచి బ్రుయేర్ దుంపలు సెం-క్లోద్ చేరాయి, కొద్ది ఏళ్ళలోనే ఊరి రాత మారిపోయింది.

బ్రుయేర్ అంటే మధ్యధరా సముద్రం చుట్టూ కొండల మీద పెరిగే ఒక పొద. ఇంగ్లీషువాళ్ళు ఈ ఫ్రెంచి మాటనే వాళ్ళ నోటికి తిప్పుకుని 'బ్రయర్' అన్నారు. వాళ్ళ భాషలో అదే పేరుతో ముళ్ళ గులాబీ ఒకటుంది గనక పైపులు గులాబీ వేరుతో చేస్తారనే అపోహ ఈనాటికీ తిరుగుతోంది. గులాబీకీ దీనికీ చుట్టరికం లేదు. ఈ పొదకి వేరుకీ కాండానికీ మధ్య, నేలలో, బుడిపెలాంటి దుంప పెరుగుతుంది. పైన కార్చిచ్చు వచ్చి పొదంతా మాడిపోయినా ఆ దుంప చావదు, మళ్ళీ చిగురిస్తుంది. ఎండాకాలానికి నీళ్ళు దాచుకునేదీ అదే. పైపు చెయ్యడానికి పనికొచ్చేంత పెరగాలంటే కనీసం 30, 40 ఏళ్ళు పట్టాలి. పోగు చిక్కగా ఉంటుంది, అయినా తేలిక. తేమ పీల్చుకుంటుంది, సులువుగా మాడదు. మా మొదటి ప్రశ్నకి జవాబు ఇదన్నమాట. నిప్పులో బతకడానికి పెరిగిన దుంపని తెచ్చి నిప్పుగిన్నె చేశారు.

దుంప తవ్వాక పని తొందరగా కావాలి. ఎండకి వదిలేస్తే పగుళ్ళిస్తుంది. అందుకని తడిగా ఉంచి, కోతమిల్లులో పెద్ద గుండ్రంపంతో ముక్కలు కోస్తారు. కోసేవాడు ప్రతి కోతకీ దుంపని తిప్పి చూస్తాడు. లోపల ఎక్కడ రాయి ఇరుక్కుందో, ఎక్కడ కుళ్ళుందో, ఎటు కోస్తే గీతలు నిలువుగా వస్తాయో వెంటనే తేల్చుకోవాలి. వేళ్ళకీ రంపానికీ మధ్య బెత్తెడు కూడా ఉండదు. కోసిన ముక్కల్ని గంటల తరబడి నీళ్ళలో ఉడికిస్తారు. వగరూ పసరూ దిగిపోతాయి, చెక్క తర్వాత పగలదు. ఆపైన నీడలో నెలల తరబడి ఆరబెడతారు. మన పెద్దలు టేకు దుంగల్ని చెరువులో నానేసి ఆరబెట్టినట్టే, కాకపోతే వీళ్ళు ఉడికిస్తారు.

ఆ ముక్కలు కోర్సికా నుంచి, ఇటలీలో కలాబ్రియా నుంచి, అల్జీరియా నుంచి సెం-క్లోద్‌కి వచ్చేవి. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ ఊరు ప్రపంచానికంతటికీ పైపుల రాజధాని. లండన్ దుకాణాల్లో పేరున్న పైపుల వెనక కూడా ఈ ఊరి చేతులుండేవి. 1825లో సెం-క్లోద్‌లో మొదలైన కొమోయ్ కుటుంబంలో ఒకడు 1879లో లండన్ వెళ్ళి అక్కడ పైపుల కంపెనీ పెట్టాడు. మన ఊరి పెద్దాయన పైపు ఏ కార్ఖానాదో దాని మీద లేదు. ఊరి పేరొక్కటే సరిపోయిన రోజులవి.

ఇక్కడ మేము కొంచెం ఆగాలి. అన్ని పైపులు చెయ్యాలంటే పనిని ముక్కలు చెయ్యక తప్పదు. ఒకడు ముక్కలు ఏరతాడు. ఒకడు గిన్నె తిప్పుతాడు. ఒకడు కాడ చదును చేస్తాడు. ఒకడు బెజ్జం వేస్తాడు. ఒకడు గిన్నెకీ కాడకీ మధ్య యంత్రం అందుకోలేని మూలని ఆకురాయితో రాస్తాడు. చివర మెరుగు పెట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఒక్కో పైపు పదులకొద్దీ చేతులు మారేది. బెజ్జం వేసేవాడు జీవితమంతా బెజ్జాలే వేస్తాడు. ఆ ఒక్క పనిలో వాడి చెయ్యి మనం నమ్మలేనంత నిక్కచ్చి. కానీ మొదటినుంచి చివరిదాకా ఒక పైపు చెయ్యమంటే? అంతా తెలిసినవాళ్ళు ఊళ్ళో తగ్గిపోతూ వచ్చారు.

దీన్ని తప్పు పట్టాలని రాయడం లేదు. ఆ పని ముక్కలవడం వల్లే వేలమంది ఒకచోట చేరారు, చేరి ఏం చేశారో మన సంఘాల వాళ్ళు తెలుసుకోవాల్సింది. 1881లో 'లా ఫ్రాతెర్నెల్', అంటే సోదర సంఘం, అని ఒక సహకార కిరాణా పెట్టుకున్నారు. మామూలుగా సహకార సంఘంలో లాభం వస్తే సభ్యులు పంచుకుంటారు. వీళ్ళు ఆన్రీ పోనార్ అనే నాయకుడి మాట విని, పంచుకోకుండా ఉమ్మడి నిధిలో వేశారు. జబ్బుపడినవాళ్ళకీ, ముసలివాళ్ళకీ అందులోంచి ఇచ్చేవారు. 1910లో ప్రజల ఇల్లు అని పెద్ద భవనం కట్టుకున్నారు. అందులో నాటకశాల, కాఫీ హోటలు, అచ్చు కార్యాలయం, వ్యాయామశాల అన్నీ ఉండేవి. ఆ భవనం ఇంకా నిలిచి ఉంది. మన సంఘం గది కప్పు కారుతోందని మూడేళ్ళుగా చందాలు అడుగుతున్నాం, ఆ మాట ఇక్కడ గుర్తు చేసినందుకు ఏమీ అనుకోకండి.

రెండో ప్రపంచయుద్ధంలో ఆ ఊరి మీద పెద్ద దెబ్బ పడింది. 1944 ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం. జర్మన్ సైన్యం ఊళ్ళో మగవాళ్ళందర్నీ మైదానంలోకి రమ్మని, దాదాపు 300 మందిని బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపింది. సగానికి పైగా తిరిగి రాలేదు. యుద్ధం తర్వాత సిగరెట్టు వచ్చి పైపుని మూలకి నెట్టింది. ఒక్కో కార్ఖానా మూసుకుంటూ వచ్చింది. 1966లో పైపు పనివాళ్ళ కూటమి అని ఒకటి పెట్టి పేరు నిలబెట్టే ప్రయత్నం చేశారు. ఇప్పుడు అక్కడ మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టే కార్ఖానాలు, ఒక మ్యూజియం.

పని మాత్రం చావలేదు. వేరే చోట, వేరే రకంగా లేచింది. డెన్మార్క్‌ని 1940లో జర్మన్లు ఆక్రమించాక అక్కడికి బ్రుయేర్ రావడం ఆగిపోయింది. బీచ్ చెక్కతో ఏదో చేసి నెట్టుకొచ్చారు. యుద్ధం అయ్యాక బ్రుయేర్ మళ్ళీ వచ్చింది. ఆ రోజుల్లో కోపెన్‌హాగన్‌లో సిక్స్టెన్ ఇవార్సన్ అని ఒక స్వీడన్ మనిషి ఉండేవాడు. 1910లో పుట్టాడు, 2001లో పోయాడు. కార్ఖానాలో ఒక ముక్క పని నేర్చినవాడు కాదు. పగిలిన పైపులు బాగుచేయడంతో మొదలెట్టాడు. మా మావయ్య ఒకాయన ఉన్నారు, డెబ్బై దాటిన వడ్రంగి, ఈ సంగతి చదివి వినిపిస్తే వెంటనే అన్నారు: "బాగుచేసేవాడికే తెలుస్తుందిరా ఎక్కడ విరుగుతుందో."

కార్ఖానాలో పద్ధతి ఏమిటంటే, ముందు అనుకున్న ఆకారం ప్రకారం గిన్నెని లేత్ మీద తిప్పుతారు. చెక్కలో గీతలు ఎటుంటే అటు. ఇవార్సన్ దీన్ని తిరగేశాడు. ముందు ముక్కని నాలుగువైపులా చూసి, గీతలు ఎటు పోతున్నాయో దాన్నిబట్టి బయటి ఆకారం మలిచి, తర్వాత గిన్నె, బెజ్జం తొలిచేవాడు. బ్రుయేర్‌లో గీతలు దుంప నడిమినుంచి బయటికి కిరణాల్లా వస్తాయి. పక్కనుంచి చూస్తే నిలువు గీతలు, అడ్డంగా కోసిన చోట చిన్న చిన్న చుక్కలు, పిట్టకన్నుల్లా. గీతలు గిన్నె చుట్టూ నిలువుగా, చుక్కలు పైనా కిందా వచ్చేలా ముక్కని తిప్పుకోవడంలోనే సగం పని అయిపోతుంది. ఆయన దగ్గర నేర్చుకోవడానికి జపాన్ నుంచి తొకుతొమి అనే ఆయన వెళ్ళాడు, తర్వాత జపాన్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఇవార్సన్ కొడుకు లార్స్, మనవరాలు నానా కూడా అదే పనిలో పేరుపొందారు. అదే దేశంలో ఆన్ జూలీ అనే ఆవిడ భర్త పోయాక ఆయన పనిబల్ల మీద తానే కూచుని, ఆయన కంటే ఎక్కువ పేరు సంపాదించింది. మెరుగు పెట్టడానికి మాత్రమే ఆడవాళ్ళు అన్న సెం-క్లోద్ లెక్క ఇక్కడ చెల్లలేదు.

ఇదంతా చదివాక ఊరుకోలేక మేమూ ఒక చెయ్యి వేశాం. ఫ్రాన్సులో ఉన్న మన బంధువుల అబ్బాయి సెలవలకి వస్తూ నాలుగు బ్రుయేర్ ముక్కలూ, ఎబొనైట్ కడ్డీ ఒకటీ తెచ్చిపెట్టాడు. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు, నోట్లో పెట్టే కొస దాంతో చేస్తారు. పని మావయ్యది, పక్కన కుర్రాళ్ళు ఇద్దరు, చుట్టూ మేమందరం సలహాలకి.

మొదటి ముక్కకి బయటి రూపం అద్భుతంగా వచ్చింది. బెజ్జం వేస్తే గిన్నె అడుగున తేలాల్సింది పోయి అడుగుకి అర అంగుళం పైన, ఎడంపక్కకి తేలింది. అంటే పనికిరాదు. అడుగున తడి నిలిచిపోతుంది, సగం పొగాకు కాలదు. రెండోదానికి జాగ్రత్తపడి, ముక్క ఇంకా చదరంగా ఉన్నప్పుడే పక్కన పెన్సిలుతో పైపు బొమ్మ గీసి, గిన్నె గీతా బెజ్జం గీతా కలిసే చోటు గుర్తుపెట్టి, ముందు తొలిచాం. ఇవార్సన్ పద్ధతి ఇవార్సన్‌కే, కొత్తవాళ్ళకి ముందు తొలవడమే క్షేమం. బెజ్జం నాలుగు మిల్లీమీటర్లు, గిన్నె లోపల వెడల్పు ఇరవై దాకా, గోడ మందం ఎక్కడా ఆరుకి తగ్గకూడదు. ఈ లెక్కలు సరిపోయాయి. కానీ రాస్తుంటే గిన్నె పక్కన పిన్నుతలకాయంత గుంట బయటపడింది. దాన్ని పోగొట్టాలని ఇంకొంచెం రాశాం, గుంట పెద్దదైంది. ఇంకొంచెం రాశాం. చివరికి గోడ పలచబడింది.

మావయ్య కోపంగా పక్కన పడేసి, "నీ చెక్క లోపం నా చేత్తో పోతుందా? దాన్ని అలాగే ఉంచి ఆకారం మార్చుకోవాలి గానీ" అన్నారు. సెం-క్లోద్‌లో అలాంటి ముక్కల్ని పక్కకి ఏరి, గరుకు నగిషీ చెక్కి చవకరకంగా అమ్మేవారని తర్వాత చదివాం.

మిగతా రెండు ముక్కలూ పాడుచేసుకోవడం ఇష్టంలేక, కుర్రాళ్ళని మామిడి, టేకు తుంపుల మీద ఆకారం ఒక్కటే నేర్చుకోమన్నాం. వాటిలో నిప్పు పెట్టకూడదు సుమా, కొన్ని కర్రల పొగ విషం. ఒట్టి రూపం కోసమే. ముందు బిలియర్డ్ అనే ఆకారం పెట్టాం. చూడ్డానికి అన్నిటికన్నా మామూలుది: నిటారు గిన్నె, నేరుగా కాడ. కాడ పొడుగు దాదాపు గిన్నె ఎత్తంత, కాడ లావు గిన్నెలో సగం. వంకరటింకర ఆకారమైతే తప్పు దాక్కుంటుంది, దీంట్లో ఎక్కడా దాక్కోదు. ఒకడు తొమ్మిది చేశాడు, పదోది చూడ్డానికి పైపులా ఉంది.

ఆ రెండు నెలల్లో మేము గమనించినవి కొన్ని రాస్తాం, చెక్కపని చేసే పిల్లలుంటే చెప్పండి. ఒక పక్క పూర్తిగా రాసేసి రెండో పక్కకి పోతే రెండూ ఎప్పటికీ కలవవు. అటు పది దెబ్బలు, ఇటు పది దెబ్బలు. కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే చెక్క రంగు, గీతలు మాయమై నల్లటి నీడలా అంచు ఒక్కటే కనబడుతుంది, ఉబ్బు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. ఇంకా అర్థం కాకపోతే అద్దంలో చూడాలి. గంటసేపు చూసి అలవాటైన వంకర అద్దంలో తిరగబడి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందరూ లావు వదిలేసే చోటు ఒకటే, గిన్నె కాడ కలిసే మూల. అక్కడ సన్నటి గుండ్రటి ఆకురాయి తప్ప ఏదీ దూరదు. పాత కార్ఖానాలో దాని కోసం ప్రత్యేకంగా మనిషిని ఎందుకు పెట్టారో మాకు అప్పుడు తెలిసింది. కాడా నోటికొసా కలిసే చోట రెండూ బిగించి ఒక్కటిగా రాయాలి, విడివిడిగా రాస్తే అంచులు గుండ్రమై అతుకు బయటపడుతుంది. ఉప్పుకాగితం 120 నుంచి 600 దాకా మెట్టుమెట్టుగా పోవాలి, ఒక మెట్టు దాటేస్తే ఆ గీత రంగు వేశాక పలకరిస్తుంది. మధ్యమధ్యలో తడిగుడ్డతో తుడిస్తే ముందే కనబడుతుంది.

మూడో ముక్క ఆ పది తుంపుల కుర్రాడే చేశాడు. కాడ కొంచెం లావుగానే ఉంది. బెజ్జం మాత్రం గిన్నె అడుగున నడిమధ్య తేలింది. మావయ్య అందులోంచి గాలి ఊది చూసి, ఏమీ అనకుండా చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన పొగ మానేసి పాతికేళ్ళయింది.

నాలుగో ముక్క ఇంకా కోయలేదు. ఈలోగా పెద్దాయన మనవడు మళ్ళీ వచ్చాడు. పాత పైపు నోటికొస వదులైపోయి ఊడిపోతోందట, పైగా ఎబొనైటు వెలుతురు తగిలి ఆకుపచ్చ మట్టిరంగుకి తిరిగింది. మామూలుగా అయితే కుసి సన్నబడితే కొత్తది చేసి దిగ్గొట్టడమే. కానీ పంటిగాట్లున్న కొస అది, మార్చడానికి వాడికి మనసొప్పలేదు. మావయ్య ఆ కుసిని దీపం సెగకి దూరంగా పట్టి మెత్తబడేదాకా తిప్పి, బెజ్జంలోకి నున్నటి ఇనపకమ్మీ ఒకటి మెల్లగా దూర్చి, చల్లారేదాకా అలాగే ఉంచారు. కుసి వెంట్రుకవాసి లావెక్కింది. బిగిస్తే కిర్రుమంటూ దిగింది. రంగు పోగొట్టడానికి మెరుగు పెడదామంటే మనవడు పంటిగాట్ల జోలికి వెళ్ళొద్దన్నాడు. అవి వదిలేసి మిగతాది నల్లగా తేల్చి ఇచ్చాం. పైపు మళ్ళీ ట్రంకుపెట్టెలోకి వెళ్ళిపోయింది.